పర్యావరణ హితమైన ఫ్లోరింగ్: వెదురు మంచిదా, కార్క్ మంచిదా?

పడకగదుల్లోనూ వంటగదిలోనూ పాత ఫ్లోరింగ్ తీసేసి వెదురు పలకలు వేయించాలనుకుంటున్నానని, పర్యావరణానికి అంతకంటే మేలైనవి ఉన్నాయా అని అడిగారు. మా ఇంట్లో నేల పనంతా నేనే దగ్గరుండి చేయించాను. ఇంట్లో ఉబ్బసంతో బాధపడే మనిషి ఉండటంతో ప్రతి వస్తువు గురించీ గట్టిగా ఆరా తీశాను. పలక దేనితో చేశారో అందరూ చూస్తారు. దాన్ని ఏ జిగురుతో అతికించారో, ఎన్నేళ్లు మన్నుతుందో అంతకంటే శ్రద్ధగా చూడమని నా సలహా.

ముందుగా, ఇప్పుడున్న నేల నిజంగా పాడైందో లేదో చూడండి. ఎంత మంచి సరుకైనా తయారీకీ రవాణాకీ ఇంధనం కావాల్సిందే, తీసేసినది చెత్తకుప్పకు చేరాల్సిందే. మా హాల్లో కార్పెట్ ఎత్తి చూస్తే కింద అచ్చమైన చెక్క నేల ఉంది. యంత్రంతో పైపొర గీకించి, మొక్కల నూనె, మైనం కలిసిన పూత వేయించాం. కొత్త పలక ఒక్కటి కూడా కొనలేదు. కింద కాంక్రీటు ఉంటే దానికే పాలిష్ పట్టించవచ్చు. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: 1980లకు ముందు కట్టిన ఇళ్లలో తొమ్మిది అంగుళాల చదరపు వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) టైల్స్ ఉంటే వాటిలోనూ, కింది నల్లని జిగురులోనూ ఆస్బెస్టాస్, అంటే దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే నారలాంటి ఖనిజం, ఉండే అవకాశం ఉంది. పరీక్ష చేయించకుండా వాటిని పగలగొట్టకండి, గీకకండి. చెక్కుచెదరకుండా ఉంటే వాటిని అలాగే ఉంచి, పైన మరో నేల పరచడమే చాలాసార్లు క్షేమం.

ఇక వెదురు. అది గడ్డి జాతి మొక్క. మూడు నుంచి ఐదేళ్లలో కోతకు వస్తుంది, నరికినా వేరు నుంచి మళ్లీ పెరుగుతుంది. ఇంతవరకు దాని గొప్పతనం నిజమే. కానీ వెదురు బోలుగా ఉంటుంది కాబట్టి పలకగా మారాలంటే దాన్ని పేళ్లుగా చీల్చి, జిగురు పట్టించి, ఒత్తిడితో అతికించాలి. ఆ జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్ అయితే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి గదిలోకి ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతూనే ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. అందుకే నేను ప్రతి దుకాణంలోనూ జిగురు పేరు, వాయు పరీక్ష నివేదిక అడిగాను. కాగితం చూపించలేని వాళ్ల దగ్గర కొనలేదు. ‘ఈ1’ (ఫార్మాల్డిహైడ్ విడుదలకు యూరప్‌లో పెట్టిన ప్రమాణం) అన్న గుర్తు చూపిస్తే, అది ఒక పరిమితికి లోబడి ఉందని మాత్రమే అర్థం, వాయువు అసలే రాదని కాదు. ఫార్మాల్డిహైడ్ కలపని జిగురుతో చేసిన పలకలు కూడా దొరుకుతాయి, పట్టుబట్టి అడగండి. ముదురు గోధుమ రంగు కోసం ఆవిరిలో ఉడికించిన వెదురు మామూలు దానికంటే కాస్త మెత్తన, త్వరగా గీతలు పడుతుంది.

పడకగదులకు మేము కార్క్ ఎంచుకున్నాం. కార్క్ ఓక్ చెట్టును నరకరు, బెరడు మాత్రమే ఒలుస్తారు. చెట్టుకు దాదాపు పాతికేళ్లు వచ్చాక మొదటిసారి ఒలిచి, ఆ తర్వాత తొమ్మిదేళ్లకోసారి ఒలుస్తూ ఉంటారు. ప్రపంచంలోని కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. సీసాల బిరడాలు కోయగా మిగిలిన ముక్కలను పొడి చేసి ఈ పలకలు ఒత్తుతారు కాబట్టి వ్యర్థం కూడా తక్కువే. అడుగు పెడితే వెచ్చగా, మెత్తగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఆ గదిలో నడవడం తేలికైంది. బరువైన మంచం కోళ్ల కింద గుంటలు పడతాయి, నేరుగా ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. కోళ్లకు ఫెల్ట్ ముక్కలు, కిటికీకి తెర ఉంటే సరిపోతుంది. కార్క్ పేరుతో అమ్మే కొన్ని పలకల మధ్య జిగురుతో ఒత్తిన చెక్కపొడి అట్ట, పైన వినైల్ పొర ఉంటాయి. కాబట్టి ఒక పలకను అడ్డంగా కోయించి లోపలి పొరలు చూడండి.

వంటగదిలో లినోలియం వేశాం. దాన్ని వినైల్ అనుకునేవాళ్లు చాలామంది, కానీ రెండింటికీ సంబంధం లేదు. లినోలియంను 1860లలో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ వాల్టన్ కనిపెట్టాడు. అవిసె నూనె, పైన్ చెట్టు బంక, చెక్కపొడి, కార్క్ పొడి, సున్నపురాయి పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరుస్తారు. రంగు మందమంతా ఉండే రకం తీసుకుంటే గీతలు అంతగా కనిపించవు. కొత్తలో అవిసె నూనె వాసన, కొద్దిపాటి పసుపు ఛాయ ఉంటాయి. వెలుతురు తగిలేకొద్దీ ఆ ఛాయ పోతుంది. అతుకుల్లోకి నీళ్లు దిగనివ్వకండి, ఘాటైన క్షారంతో తుడవకండి. వినైల్ మాత్రం నేను ఎవరికీ చెప్పను. అది క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్, తీసేశాక తిరిగి వాడుకలోకి రావడం చాలా అరుదు.

స్నానాల గదికి సిరామిక్ టైల్స్ చాలు. వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు కాబట్టి ఇంధనం ఖర్చవుతుంది, నిజమే. అయితే ఏ వాయువూ వదలకుండా దశాబ్దాలు నిలుస్తాయి. రాయి అయితే దగ్గరి గని నుంచి వచ్చినదే తీసుకోండి, దాని బరువంతా రవాణా భారమే.

చెక్క కొనేటట్లయితే, పొరలు అతికించిన పలకల్లో పైపొర మందం అడగండి. రెండు మిల్లీమీటర్ల కంటే పలుచగా ఉంటే మళ్లీ గీకించడం కుదరదు, గీతలు పడ్డాక పారేయాల్సిందే. నాలుగు మిల్లీమీటర్లు ఉంటే ఒకటి రెండుసార్లు కొత్తగా చేసుకోవచ్చు. ఎఫ్‌ఎస్‌సీ ముద్ర (బాధ్యతగా నిర్వహించే అడవుల చెక్క అని తెలిపే గుర్తు) ఉందని చెబితే ఆ ధ్రువీకరణ సంఖ్య రసీదులో కూడా రాయించుకోండి.

నేలకు పూసే జిగురు, పాలిష్ విషయంలోనూ ఇంతే పట్టుదల చూపండి. మా పనివాళ్లు ఘాటైన ద్రావకాల జిగురు వాడబోతే ఆపి, నీటి ఆధారిత జిగురు తెప్పించాను. కొనేముందు నమూనా ముక్కను మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో వేసి, వెచ్చని చోట రాత్రంతా ఉంచి, పొద్దున మూత తీసి వాసన చూడండి. ఇది వాయు పరీక్ష నివేదికకు ప్రత్యామ్నాయం కాదు. కానీ కళ్లు మండేంత ఘాటు వస్తే ఆ సరుకును పడకగదికి తీసుకురావద్దు.