ఏరోస్పేస్ సొసైటీ ఉపన్యాసాలకు తొమ్మిదో తరగతి అమ్మాయిని తీసుకురావచ్చా?

మీరు అడిగింది ఇది. కావలిలో ఉంటున్నారు, అమ్మాయి తొమ్మిదో తరగతి, రాకెట్లంటే ప్రాణం. నెల్లూరులో ఏరోస్పేస్ సొసైటీ (విమానాలు, రాకెట్ల శాస్త్రం మీద పనిచేసే సంఘం) శాఖ నెలనెలా ఉపన్యాసాలు పెడుతోందని తెలిసింది. కానీ అక్కడికి ఇంజనీర్లు, కాలేజీ విద్యార్థులే వస్తారని ఎవరో చెప్పారు. అంత దూరం తీసుకువస్తే పిల్లకు ఏమైనా అర్థమవుతుందా, లేక ఆదివారమంతా వృథా అవుతుందా అని మీ సందేహం.

తీసుకురండి. నేను నెల్లూరులో భౌతికశాస్త్రం చెప్పే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. పన్నెండేళ్లుగా ఆ శాఖ సమావేశాలకు వెళ్తున్నాను. మొదట్లో చివరి వరుసలో కూర్చుని విని వచ్చేసేదాన్ని. ఇప్పుడు కుర్చీలు వేయించడం మొదలుకొని వక్తలను పిలవడం దాకా అన్ని పనులూ చూసే బృందంలో ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటి ఉంది. పిల్లలకు అసలు లాభం ఉపన్యాసం ముగిశాక మొదలవుతుంది. విన్న సంగతిని కాగితం మీద లెక్క వేసి, వీలైతే చేత్తో చేసి, ఆకాశంలో చూసి సరిపోల్చుకున్న పిల్లలు దాన్ని మరచిపోరు. ఊరికే విని వెళ్లిన పిల్లలకు వక్త గొప్పవాడన్న సంగతి మాత్రమే గుర్తుంటుంది.

నేను విన్న మొదటి ఉపన్యాసం ‘శ్రీహరికోటే ఎందుకు?’ అన్న విషయం మీద. వక్త ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు. తెర మీద బొమ్మలేవీ చూపలేదు, నల్లబల్ల మీద భారతదేశం పటం గీశారు. తిరుగుతున్న రంగులరాట్నం మీద నిలబడి, అది తిరిగే వైపే బంతి విసిరితే మన చేతి వేగానికి రాట్నం వేగం కూడా కలుస్తుంది కదా అన్నారు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది. శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర ఆ వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పు దిక్కుగా ఎగిరే రాకెట్టుకు అది పుట్టింటివాళ్లు ఇచ్చిన సారె లాంటిదని ఆయన చెబితే సభలోని ఆడవాళ్లందరం నవ్వాం. ఆ పోలిక నాకు ఇప్పటికీ గుర్తుంది. తూర్పున సముద్రమే కాబట్టి ఇంధనం అయిపోయి విడిపోయిన రాకెట్టు భాగాలు, అంటే దశలు, ఎవరి ఇంటి మీదా పడవు.

అయితే భూమి ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువ కక్ష్యకు వెళ్లాలంటే దక్షిణానికి ఎగరాలి. శ్రీహరికోట నుంచి నేరుగా దక్షిణానికి పోతే శ్రీలంక అడ్డం వస్తుంది. అందుకని ఇస్రో రాకెట్టు పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా బయలుదేరి, తర్వాత దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చవుతుంది, ఆ మేరకు మోయగలిగే ఉపగ్రహం బరువు తగ్గుతుంది. అప్పుడు ఇందుకూరుపేట నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, శ్రీలంక అడ్డం రాని చోటు ఇంకా కిందకు వెళ్లి వెతకకూడదా అని అడిగాడు. ఆయన సుద్దముక్క ఆ పిల్లవాడి చేతికిచ్చి, ఎక్కడో నువ్వే గుర్తు పెట్టమన్నారు. వాడు పటంలో కన్యాకుమారి పక్కన చుక్క పెట్టాడు. చిన్న రాకెట్ల కోసం తమిళనాడులోని కులశేఖరపట్టణంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగిన రోజు నాకు ఆ చుక్కే గుర్తొచ్చింది. అక్కడి నుంచి నేరుగా దక్షిణానికి ఎగరవచ్చు, శ్రీలంక తూర్పున ఉండిపోతుంది.

ఆ సభలో ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. ఆ ప్రశ్న అడిగింది మాత్రం ఎనిమిదో తరగతి పిల్లవాడు.

ఇక మా శాఖ చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మేడ మీద ప్రయోగం చూడడం. జిల్లాల విభజన తర్వాత శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా ఆకాశంలో నుంచి ఎక్కడికీ వెళ్లలేదు. నెల్లూరు నుంచి ప్రయోగ వేదికకు గాలి దారిన 84 కిలోమీటర్ల దూరం ఉంటుంది. 2024 డిసెంబరు 30న రాత్రి 10 గంటల 15 సెకన్లకు పీఎస్ఎల్‌వీ-సీ60 ఎగిరింది. కక్ష్యలో ఒకదానితో ఒకటి అనుసంధానం కావలసిన రెండు స్పేడెక్స్ ఉపగ్రహాలు అందులో ఉన్నాయి. ఆ రాత్రి నలభై మంది పిల్లలం, పెద్దలం ఒక మూడంతస్తుల మేడ ఎక్కాం.

ఎక్కే ముందే పిల్లల చేత ఒక లెక్క చేయించాం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి 84 కిలోమీటర్ల దూరంలో నేల మీద ఉన్న రాకెట్టు మనకు కనబడదు. మరి ఎంత ఎత్తు లేస్తే కనబడుతుంది? మేడ 12 మీటర్ల ఎత్తు అనుకుంటే, అక్కడి నుంచి మన చూపు నేలను తాకే దూరం సుమారు 12 కిలోమీటర్లు (మేడ ఎత్తును కిలోమీటర్లలో రాసి, భూమి వ్యాసంతో గుణించి, వర్గమూలం తీస్తే వచ్చేది). మిగిలినది 72. ఆ 72ను 72తో గుణించి, భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లతో భాగిస్తే 0.4 కిలోమీటరు వస్తుంది. అంటే రాకెట్టు 400 మీటర్లు లేచాకే మన కంటికి అందాలి. చెట్లు, ఇళ్లు అడ్డుంటే ఇంకా ఎక్కువ.

గడియారాలు ముందే సరిచేసుకున్నాం. సమయం దాటింది, ఏమీ కనబడలేదు. చిన్నపిల్లల ముఖాలు వాడిపోయాయి. అంతలో దక్షిణాన కొబ్బరిచెట్ల వెనక ఆకాశం నారింజ రంగు తిరిగింది, ఆ వెంటనే నిప్పు చుక్క పైకి వచ్చింది. అప్పటికి ఒకరి ఫోనులో ప్రత్యక్ష ప్రసారం ఇంకా అంకెలు లెక్కపెడుతూనే ఉంది! ప్రసారం మన దగ్గరకు చేరేసరికి చాలా సెకన్లు ఆలస్యమవుతుందని ఏ పుస్తకమూ చెప్పకుండానే పిల్లలు కనిపెట్టారు. గడియారం చూసి రాసుకున్నవాళ్ల కాగితాల మీద, ప్రయోగ సమయానికీ చుక్క కనబడిన సమయానికీ మధ్య పది నుంచి పదిహేను సెకన్ల తేడా కనబడింది. రాకెట్టు 400 మీటర్లు ఎక్కడానికి దాదాపు అంతే పడుతుంది.

ఆ తర్వాత ఎవరూ మాట్లాడవద్దన్నాం. శబ్దం సెకనుకు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 84 కిలోమీటర్లు రావడానికి నాలుగు నిమిషాల పైచిలుకు కావాలి. నలభై మందిమి ఆ చలిలో నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. దూరంగా లారీ మోత, కుక్క అరుపు. రాకెట్టు శబ్దం విన్నామని గట్టిగా చెప్పగలిగినవాళ్లు మాలో ఒక్కరూ లేరు. ఆ శబ్దం మన దగ్గరకు చేరవలసిన సమయానికి మొదటి దశ ఎప్పుడో విడిపోయింది, రెండో దశ మండుతోంది, రాకెట్టు వాతావరణాన్ని దాదాపుగా దాటిపోయింది. ఈ మాట చెప్పినప్పుడు ఒక పాప, ‘అంటే మనం దాని పాత మాట కోసం ఎదురు చూస్తున్నామా టీచర్?’ అంది. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి వాక్యం ఏ విద్యార్థి నోటా వినలేదు. తర్వాత జనవరి 16న ఆ రెండు ఉపగ్రహాలూ అనుసంధానమైన వార్తను ఆ పాపే పేపరు నుంచి కత్తిరించి తెచ్చింది.

వైఫల్యాల గురించిన ఉపన్యాసం ఎప్పుడైనా ఉంటే దానికి తప్పకుండా తీసుకురండి. 1979 ఆగస్టు 10న ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టే మన మొదటి రాకెట్టు ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటం (వాల్వు) మొరాయించడం అందుకు కారణం. ఆ రోజు పత్రికల వాళ్ల ముందు కూర్చుని బాధ్యత తీసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్. మరుసటి ఏడాది జులై 18న అదే రకం రాకెట్టు 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు, ధావన్, ప్రాజెక్టు నాయకుడైన అబ్దుల్ కలాంను పత్రికల వాళ్ల ముందుకు పంపారు. షార్‌కు, అంటే శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి, ధావన్ పేరు పెట్టింది 2002లో. ఈ కథ అందరికీ తెలిసిందే కావచ్చు. కానీ చెడిపోయిన కవాటం ఎలా పనిచేయాలో బల్ల మీద గీసి, ఎక్కడ ఆగిపోయిందో చూపించి, దాన్ని పట్టుకోవడానికి ఏమేం పరీక్షలు పెట్టాలో వివరిస్తే పిల్లల్లో పరీక్షల భయం పోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడమూ చదువేనని వాళ్లకు తెలుస్తుంది. 2013 ఆగస్టులో జీఎస్ఎల్‌వీ-డీ5 ప్రయోగాన్ని ఇంధనం కారుతోందని గంటకు పైగా సమయం ఉండగానే ఆపేశారు. లోపం సరిచేసి 2014 జనవరి 5న ఎగరేస్తే, అతి శీతల ద్రవ ఇంధనంతో మండే స్వదేశీ క్రయోజెనిక్ దశ మొదటిసారి విజయవంతంగా పనిచేసింది. ఆపడం కూడా ఒక నైపుణ్యమని మా వక్త చెప్పారు.

ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే ప్రపంచ అంతరిక్ష వారంలో మేము నీటి రాకెట్ల పోటీ పెడతాం. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో మూడో వంతు నీళ్లు, మూతికి బిగువుగా రబ్బరు బిరడా, సైకిలు పంపు ఉంటే చాలు. నీళ్లు ఎక్కువైతే గాలికి చోటు ఉండదు, తక్కువైతే వెనక్కి విసిరే బరువు ఉండదు. ఒక ఏడాది బుచ్చిరెడ్డిపాలెం అమ్మాయి అట్టతో అందమైన రెక్కలు కోసి సీసా పైభాగాన అతికించింది. అది పదడుగులు లేచి పల్టీలు కొట్టింది. సీసాకు సరిగ్గా తూగే చోట దారం కట్టి తల చుట్టూ గిరగిరా తిప్పి చూడమన్నాం. ముక్కు ముందుకు తిరిగి స్థిరంగా ఉంటే రాకెట్టు నిటారుగా పోతుంది, లేకపోతే లేదు. ఆ అమ్మాయి రెక్కలను కిందికి దించింది, ముక్కులో కొంచెం బంకమట్టి పెట్టింది. సాయంత్రానికి ఆ సీసా బడి మేడను దాటింది. మీ ఇంట్లో చేసినా సరే, పెద్దవాళ్లు పక్కన ఉండాలి, సీసా మీదకు వంగి చూడకూడదు, లోహపు ముక్కలు వాడకూడదు.

విమానాల మీదా ఉపన్యాసాలు ఉంటాయి. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వైమానిక దళం కోసం అత్యవసర రన్‌వే సిద్ధం చేశారు.  2024 మార్చిలో ఏఎన్-32, డార్నియర్ విమానాలు అక్కడ దిగాయి. ఆ దారిలో ఒంగోలు మీదుగా వెళ్లే పిల్లలకు, అక్కడ రోడ్డు నడుమ డివైడరు ఎందుకు ఉండదో ఒక్క వాక్యంలో చెప్పినా చాలు, కిటికీలో నుంచి చూసే చూపు మారిపోతుంది.

లోపాలు దాచను. కొన్ని ఉపన్యాసాలు మొదటి నుంచి చివరి దాకా ఇంగ్లిషులోనే సాగుతాయి, తెర మీద సమీకరణాలు పరుగెడతాయి, పిల్లలు నిద్రపోతారు. ఒకసారి ఉదయగిరి వైపు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి ముప్పై మంది విద్యార్థులు వస్తే, వక్త రాలేదు, ఆ కబురు కూడా ఎవరూ ముందుగా చెప్పలేదు. ఆ పిల్లల ముఖాలు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాం. ముందు రోజు సాయంత్రం వక్తతో మాట్లాడి ఖాయం చేసుకోవాలి. ఉపన్యాసం ఏ భాషలో ఉన్నా చివర పది నిమిషాలు తెలుగులో సారాంశం, ఆ పైన తెలుగులోనే ప్రశ్నలు. మొదటి ప్రశ్న పాఠశాల పిల్లలదే.

కాబట్టి ప్రతి నెలా రానక్కరలేదు. విషయం ముందుగా కనుక్కుని, ఏడాదికి నాలుగైదు ఎంచుకోండి. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం, ఆ అక్టోబరు వారం వదలవద్దు. అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉంది కాబట్టి ఇస్రో వారి ‘యువికా’ శిక్షణకు ఈ ఏడాదే దరఖాస్తు చేయాలి, అది తొమ్మిదో తరగతి వాళ్లకే. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్ వంటివి చూసి ఎంపిక చేస్తారు. ఇస్రో వెబ్‌సైట్‌లో ప్రకటన కోసం చూస్తూ ఉండండి. ప్రయోగాన్ని దగ్గరగా చూడాలనుకుంటే శ్రీహరికోట గ్యాలరీకి కూడా ఆన్‌లైన్‌లోనే పేర్లు నమోదు చేసుకోవాలి. సూళ్లూరుపేటలో రైలు దిగి, పులికాట్ సరస్సు మధ్యగా వేసిన దారిలో వెళ్లాలి. చలికాలమైతే ఆ నీళ్లలో ఫ్లెమింగోలు కనబడతాయి.

వచ్చేటప్పుడు అమ్మాయి చేత ఒక నోటు పుస్తకం, ఒక ప్రశ్న తెప్పించండి. ప్రశ్న తెలుగులోనే రాసుకోమనండి. ఈలోగా ఇంకో పని ఉంది. కావలి నుంచి ప్రయోగ వేదికకు గాలి దారిన 135 కిలోమీటర్లు. మీ మేడ ఎత్తు కొలిచి, రాకెట్టు ఎన్ని మీటర్లు లేస్తే మీ ఇంటి నుంచి కనబడుతుందో లెక్క వేసి తెమ్మనండి. పద్ధతి పైన ఉంది. సభ మొదలయ్యే ముందు నేను తలుపు దగ్గరే ఉంటాను, ఆ కాగితం ముందుగా నాకు చూపించమనండి.