1,70,000 కిలోమీటర్లు తిరిగిన కారు కొనొచ్చా?

మీరు చెప్పిన బండి తొమ్మిదేళ్ల పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు, ఒక్కరే ఓనరు, రీడింగ్ 1,70,000. సర్వీసు బిల్లులు కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు. ధర అందుబాటులోనే ఉంది గానీ "లక్ష దాటిన బండి జోలికి పోవద్దు" అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నన్నడిగితే రీడింగ్ చూసి వద్దనకండి. ఏ బిల్లులు లేవో చూసి, అప్పుడు కావాలంటే వద్దనండి.

నేను కొన్నవన్నీ వాడిన బండ్లే. ఇప్పుడు నడుపుతున్నది నా చేతికొచ్చేసరికే 1,60,000 దాటింది. ఆ రోజుల్లోనే 60,000 రీడింగుతో తళతళలాడే బండి ఇంకొకటి చూసి కూడా వదిలేశాను. మొదటిది దాదాపు అంతా హైవే మీద తిరిగింది. రెండోది ట్రాఫిక్‌లో, నాలుగైదు కిలోమీటర్ల చొప్పున పాకింది. లెక్క వేసి చూడండి. గంటకు సగటున 60 చొప్పున 1,60,000 తిరిగితే ఇంజను ఆడింది సుమారు 2,700 గంటలు. గంటకు 15 చొప్పున 60,000 తిరిగితే 4,000 గంటలు. పైగా చిన్న దూరాల బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు, క్లచ్ మీద కాలు తియ్యరు, బ్రేకులు ఊరికే అరుగుతాయి. మీటరు ఇవేవీ చెప్పదు. అందుకే ఓనర్ని నేను మొదట అడిగేది "రోజూ ఎక్కడికి వెళ్లేవారు?" అని.

ఇక బిల్లుల సంగతి. అసలు బేరమంతా ఇక్కడే ఉంది. లక్ష నుంచి లక్షన్నర మధ్య చాలా బండ్లకు పెద్ద ఖర్చులన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. క్లచ్, షాకబ్జార్బర్లు, సస్పెన్షన్ బుష్‌లు, వాటర్ పంపు, అన్నిటికంటే ముఖ్యంగా టైమింగ్ బెల్టు, అంటే ఇంజనులో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగిలకుండా వేళకు కదిలేలా చూసే బెల్టు. చాలామంది సరిగ్గా ఈ ఖర్చులు మీదికొచ్చేముందే బండి అమ్మేస్తారు. అది మోసమని అనను, ఎవరైనా చేసే పనే. కాబట్టి ఏదీ మార్చని 1,10,000 బండికంటే, ఇవన్నీ మార్చి రసీదులు దాచిన 1,70,000 బండి నాకు నయం. ఆ డబ్బు ముందటి ఓనరు జేబులోంచి పోయింది, మన జేబులోంచి కాదు.

బెల్టు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. కొన్ని ఇంజన్లకు బెల్టు, కొన్నింటికి చైను ఉంటుంది. బెల్టుకు కంపెనీ కిలోమీటర్ల గడువుతోపాటు ఏళ్ల గడువు కూడా ఇస్తుంది, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. అది నడుస్తుండగా తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు గుద్దుకుని వంగిపోతాయి, అక్కడితో ఇంజను విప్పాల్సిందే. మార్చాం అని నోటిమాట చెబితే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి. చైను అయితే గడువు ఉండదు గానీ ఆయిలు వేళకు మార్చని బండిలో అది సాగుతుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు గలగలమనే శబ్దం వచ్చి, అది ఆగకుండా కొనసాగితే అనుమానించండి.

పొద్దున మొదటిసారి అన్నాను కదా, అది ఊరికే అనలేదు. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మరో రోజు వస్తానని వెనక్కి వచ్చేయండి. వేడి ఇంజను చాలా రోగాలు దాస్తుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లపొగ కాసేపుండి పోతే అది తేమ. ఇంజను వేడెక్కినా పోకుండా తీపి వాసనతో వస్తుంటే కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం, లోపలికి వెళ్తోంది. డిప్‌స్టిక్ లాగి ఆయిలు ఎంతుందో చూడండి. ఆయిల్ మూత కింద పాలమీగడలాంటిది కనబడగానే భయపడక్కర్లేదు, చిన్న దూరాలే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అలా అవుతుంది. అదే నురగ డిప్‌స్టిక్ మీద కూడా ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం వదిలేయండి.

టెస్ట్ డ్రైవ్‌లో పాట ఆపేయండి, అద్దాలు దించండి. పై గేరులో తక్కువ వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజను అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. టకటకమంటే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు పోయినట్టు. ఇవి మార్చదగ్గవే, బేరానికి పనికొస్తాయి.

రీడింగ్ నిజమేనా అన్న అనుమానం ఉండాల్సిందే. డిజిటల్ మీటరు వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. బిల్లుల మీద రాసిన రీడింగులు తేదీల ప్రకారం పెరుగుతూ వచ్చాయో లేదో చూడండి. 60,000 అని చెప్పే బండిలో బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి, డ్రైవర్ సీటు అంచు నలిగి ఉంటే పైన పటారం, లోన లొటారం. మెకానిక్ చేత స్కానర్ (బండి కంప్యూటర్లో నమోదైన లోపాలు చదివే పరికరం) పెట్టించినప్పుడు "ఎర్రర్లు లేవు" అన్న మాటతో ఆగొద్దు. ఎర్రర్లు కొత్తగా చెరిపేస్తే లోపలి పరీక్షలు ఇంకా పూర్తికాలేదని స్కానర్లోనే కనబడుతుంది. నిన్న చెరిపి ఇవాళ చూపిస్తున్నారంటే ఎందుకో అడగండి.

నన్ను నిజంగా వెనక్కి లాగేది ఇంజను కాదు, బాడీ. గ్రీస్‌లో ఒక టాక్సీ ఓనరు 1976 మోడల్ మెర్సిడెస్ 240డి బండిని 46 లక్షల కిలోమీటర్లు తిప్పి, 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. దారిలో ఇంజన్లు మార్చుకుంటూనే వచ్చాడు. ఇంజను మార్చొచ్చు, బాగుచేయొచ్చు. ఛాసిస్ వంగినా, కింద తుప్పు తిన్నా, నీట మునిగినా ఆ బండి మళ్లీ మామూలు కాదు. డోర్ల సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, డిక్కీలో స్టెప్నీ తీస్తే కింద రేకు ముడతలు పడి ఉందా చూడండి. సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి గీత కనబడితే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

(డీజిల్ బండో ఆటోమేటిక్ గేర్ల బండో అయితే ఇంత ధీమాగా చెప్పేవాణ్ని కాదు. ఇంజెక్టర్లు, టర్బో, గేర్‌బాక్స్, ఒక్కొక్కటే బండి ధరలో పెద్ద ముక్క తినేస్తాయి.)

అన్నీ బాగున్నా మెకానిక్ చెప్పిన పనుల ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. తగ్గించాక కూడా ధరలో ఐదో వంతైనా చేతిలో ఉంచుకోండి, మొదటి ఏడాదిలో ఏదో ఒకటి అడుగుతుంది. అంత మిగలకపోతే ఈ బండి మీ బడ్జెట్‌లో లేనట్టే.

ముందు ఓనరుకు ఫోన్ చేసి ఇంజనుకు ఉన్నది బెల్టో చైనో, బెల్టయితే ఎప్పుడు మార్చారు, రసీదు ఉందా అని అడగండి. మీ దగ్గర లేని బిల్లుల్లో అది కూడా ఉంటే, ఇంజను మోడల్ ఇక్కడ రాయండి, గడువు ఎంతో చూద్దాం.