జాబిక్స్ నేర్చుకోవడానికి అమీర్‌పేట వెళ్లాలా?

ప్రశ్న: ఈ ఏడాదే బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తయింది. నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్లో ఉద్యోగం కోసం ల్యాప్‌టాప్‌లో జాబిక్స్ (నెట్‌వర్క్‌లోని మెషిన్లు నడుస్తున్నాయో లేదో గమనించే సాఫ్ట్‌వేర్) వేసుకుని నేర్చుకుంటున్నా. వీడియోలో చూపినట్టే చేసినా ఎర్రర్లు వచ్చి ఆగిపోతోంది. అడుగుదామంటే ఇక్కడ తెలిసినవాళ్లు లేరు. అమీర్‌పేటలో కోచింగ్‌లో చేరమంటారా?
– ఒక విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే ఫీజు కట్టకండి. ముందు మీ వీడియో ఏ వెర్షన్‌దో చూడండి. సగం ఎర్రర్లు అక్కడే పుడతాయి. 2024 జూన్‌లో వచ్చిన 7.0కి, అంతకుముందున్న 5.0కి మెనూలే వేరు. జాబిక్స్ సొంత వెబ్‌సైట్‌లో మాన్యువల్ ఉచితం. అందులో మీ వెర్షన్ ఎంచుకుని చదవండి. 7.0కి అయిదేళ్ల సపోర్టు ఉంది కాబట్టి దానిమీదే నేర్చుకోవడం మేలు. ఇంగ్లిష్ అని జంకకండి, వాక్యాలు తేలిగ్గానే ఉంటాయి.

ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ నాగియోస్ వైపు వెళ్తే ఇంకో చిక్కు. నాగియోస్ కోర్ ఉచితం, ఎక్స్ఐ డబ్బులకు అమ్మేది. ఎక్స్ఐ డాక్యుమెంట్ ముందేసుకుని కోర్‌లో ఆ బటన్లు వెతుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇక ఎర్రర్. హోస్టుల (జాబిక్స్ గమనించే మెషిన్ల) జాబితాలో జెడ్‌బీఎక్స్ అనే గుర్తు ఎర్రబడితే దానిమీద మౌస్ పెట్టండి, కారణం కనిపిస్తుంది. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే సాధారణంగా అవతలి మెషిన్ పలికింది, 10050 పోర్టులో ఏజెంట్ (ఆ మెషిన్ వివరాలు జాబిక్స్‌కి అందించే చిన్న ప్రోగ్రామ్) మాత్రం నడవడం లేదు. 'టైమ్డ్ అవుట్' అంటే ఫైర్‌వాల్‌నో తప్పు ఐపీనో అనుమానించాలి. రెండూ కాక ఏజెంటే కనెక్షన్ తెంచేస్తుంటే దాని కాన్ఫిగరేషన్ ఫైల్లో 'సర్వర్' అన్న లైను చూడండి. మొదట్లో అక్కడ 127.0.0.1 (అంటే ఆ మెషినే) ఉంటుంది. దాన్ని మీ సర్వర్ ఐపీగా మార్చి ఏజెంట్‌ను రీస్టార్ట్ చేయాలి. అప్పటికీ తేలకపోతే, జరిగినవి నమోదయ్యే లాగ్ ఫైలు తెరవండి. ఇంటర్వ్యూలో అడిగేదీ ఇలాంటివే: ఎర్రర్ వచ్చింది, మొదట ఎక్కడ చూస్తావు?

ఆన్‌లైన్ ఫోరమ్‌లలో పరిచయం లేనివాళ్లను సాయం అడగడమూ నేర్చుకోవాల్సిన పనే. 'పనిచేయట్లేదు, హెల్ప్ ప్లీజ్' అంటే ఎవరూ పలకరు. వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, చివరగా ఏం మార్చారు, లాగ్‌లోని నాలుగు లైన్లు, ఇవన్నీ ఒకేసారి ఇవ్వండి. పాస్‌వర్డ్, ఎస్ఎన్ఎంపీ కమ్యూనిటీ స్ట్రింగ్ (పరికరాల వివరాలు చదవడానికి పాస్‌వర్డ్‌లా వాడే పదం) తీసేయండి. లిబ్రెఎన్ఎంఎస్ (ఇదీ ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరే) వాళ్లయితే, ఇన్‌స్టలేషన్‌ను తనిఖీ చేసే తమ వాలిడేట్ స్క్రిప్ట్ నడిపి ఫలితం పెట్టమంటారు. ఉచితంగా జవాబిచ్చేవాళ్లకు గడువేమీ ఉండదు. అందుకే కంపెనీలు జాబిక్స్ సంస్థకే డబ్బు కట్టి సపోర్టు తీసుకుంటాయి. మీకు ఆ ఖర్చు అక్కర్లేదు.

సాధన కోసం కాలేజీ ల్యాబ్‌నే నమ్ముకోనక్కర్లేదు. మీ ఊళ్లో రైస్‌మిల్లులకు కొదవా? తెలిసిన మిల్లు యజమానిని అడిగి, ఒప్పుకుంటేనే, అక్కడి రౌటర్‌ను, సీసీ కెమెరాల రికార్డర్‌ను ఐసీఎంపీ పింగ్ టెంప్లేట్‌తో (పరికరం పలుకుతోందో లేదో చూసే రెడీమేడ్ సెట్టింగ్‌తో) గమనించండి. వాటిలో ఏజెంట్ వేయనక్కర్లేదు, మీ సర్వర్లో ఆ పింగ్‌లు పంపే ఎఫ్‌పింగ్ అనే ప్రోగ్రామ్ ఉంటే చాలు. ఏది ఎప్పుడు ఆగింది, ఎందుకాగింది, ఎలా సరిచేశారు అన్నది తేదీలతో రాసిపెట్టుకుని ఆ కాగితాలు ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. కోచింగ్ మాటకొస్తే, ఆ డబ్బుతో ముందు రౌటింగ్, స్విచింగ్ పునాది గట్టిచేసుకోమంటాను.