స్ట్రిప్ చేసిన తరువాత కూడా ఒకే పేరు రెండుగా నిలిచినప్పుడు

ఎక్సెల్ నుంచి తెచ్చిన తెలుగు పేర్లను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రిప్ (మాట రెండు కొసలలోని ఖాళీలను తీసివేసే ఆజ్ఞ) చేశాక కూడా, తెరపై అచ్చం ఒకేలా కనిపిస్తున్న రెండు పేర్లు సమానం కావడం లేదని మీరు రాశారు. పైథాన్‌లో స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, ఉన్నచోటనే మారదు కనుక, స్ట్రిప్ ఇచ్చిన కొత్త స్ట్రింగ్‌ను దాచుకోవడం చాలామంది మరచిపోతారు. మీ కోడ్‌లో ఆ పొరపాటు లేదు. మీ పేర్ల చివర మిగిలినది అసలు ఖాళీయే కాదని నా అనుమానం. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ దుకాణానికి లెక్కల ప్రోగ్రాము రాసినప్పుడు నాకు సరిగ్గా ఇదే ఎదురైంది.

ఆ ప్రోగ్రాము రోజు చివర మిర్చి రకాలవారీగా టిక్కీల (బస్తాల) మొత్తం చూపాలి. తేజ, 334, బ్యాడిగి ఒక్కొక్క వరుసలోనే వచ్చాయి గానీ, ఆర్మూర్ మాత్రం రెండు వరుసలుగా వచ్చింది. ఒక రైతుకు పట్టీ (అమ్మకపు లెక్కల చీటీ) రాసేటప్పుడు ఆ రెండింటిలో ఒక వరుస మాత్రమే లెక్కలోకి వచ్చి, మిగిలిన టిక్కీలు కనిపించకుండా పోయాయి. గుమాస్తా తన చేతి చిట్టాతో సరిచూశారు కాబట్టి సొమ్ము చెల్లించక ముందే విషయం బయటపడింది. ఏడాది పంటను అమ్ముకోవడానికి వచ్చిన మనిషి డబ్బు కంటికి కనిపించని ఒక అక్షరం వల్ల తగ్గిపోయేదన్న సంగతి నన్ను చాలాకాలం బాధించింది. అందుకే ఈ సమాధానాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ రెండు పేర్లనూ రెపర్ ఫంక్షన్‌తో ముద్రించి చూడండి. మామూలు ప్రింట్ దాచిపెట్టే అక్షరాలను అది సంకేత రూపంలో బయటపెడుతుంది. తరువాత లెన్ ఫంక్షన్‌తో పొడవు చూడండి. ఆర్మూర్ అనే మాటలో అచ్చు, హల్లులు, గుణింతపు గుర్తు, పొల్లులు కలిపి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) లెక్కలో 7 ఉంటాయి; నా రెండవ ఆర్మూర్ పొడవు 8 వచ్చింది. చివరి అక్షరాన్ని, దాని యూనికోడ్ సంఖ్యను చెప్పే ఆర్డ్ ఫంక్షన్‌కు ఇస్తే 8204 వచ్చింది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్.

తెలుగులో ఈ అక్షరానికి నిజమైన పని ఉంది. పొల్లు తరువాత వచ్చే హల్లు వత్తుగా కిందికి చేరకుండా అది ఆపుతుంది. ఆర్మూర్‌కి అని రాసినప్పుడు ర్ పక్కన కి విడిగా నిలబడేది దానివల్లనే. ఎవరో అలా టైపు చేసి, తరువాత కి ఒక్కదానినే చెరిపివేస్తే, వెడల్పే లేని ఆ గుర్తు మాట చివర మిగిలిపోతుంది. మా ఫైలులో జరిగింది అదే. పైథాన్ స్ట్రిప్ యూనికోడ్ ఖాళీలుగా గుర్తించే వాటినన్నిటినీ, వెబ్ పేజీల నుంచి వచ్చే 160 సంఖ్య గల నో బ్రేక్ స్పేస్‌తో సహా, తొలగిస్తుంది. కానీ 8204ను యూనికోడ్ ఖాళీగా కాక ఆకృతిని నియంత్రించే అక్షరంగా వర్గీకరించింది కనుక దాని జోలికి పోదు.

అప్పుడు నేను చేసిన మొదటి సవరణ తప్పు. ఒక అక్షరం బదులు మరొకటి పెట్టే రీప్లేస్‌తో 8204ను స్ట్రింగ్ అంతటా తీసివేశాను. లెక్కలు కుదిరాయి గానీ, కోల్డ్‌స్టోరేజీ అన్న మాట రసీదుల మీద స కూడా వత్తుగా కిందికి చేరి అచ్చయి చదవడానికి వీలు లేకుండా పోయింది. కనుక మధ్యలో ఉన్నదానిని ముట్టుకోకూడదు, కొసలలో ఉన్నదానిని మాత్రమే తీయాలి. దీనికి మొదట ఏ అక్షరమూ ఇవ్వకుండా స్ట్రిప్, ఆ తరువాత 8204ను ఇచ్చి మరొక స్ట్రిప్ చేస్తే చాలుననిపిస్తుంది. అది కూడా చాలదు: మాట చివర ముందు స్పేస్, దాని వెనుక 8204 ఉంటే మొదటి స్ట్రిప్ ఏమీ చేయదు, రెండవది 8204ను తీసి స్పేస్‌ను వదిలివేస్తుంది. పైగా స్ట్రిప్‌కు అక్షరాలు ఇస్తే అది వాటిని మాత్రమే చూస్తుంది, మామూలు ఖాళీలను ఇక పట్టించుకోదు. అందుచేత చివరి అక్షరం ఖాళీయేనా అని చెప్పే ఈజ్‌స్పేస్‌కు అవునన్నా, కంటికి కనిపించని 8203, 8204, 8205, 65279 అక్షరాలలో ఒకటైనా, దానిని తీసివేస్తూ పోయే చిన్న లూప్‌ను రెండు కొసలకూ రాసుకున్నాను. ఇలా శుభ్రపరచిన పేరుకు రసీదులో కి, కు వంటి ప్రత్యయాలు చేర్చేటప్పుడు, పేరు పొల్లుతో ముగిస్తే 8204ను మధ్యలో మళ్ళీ పెట్టవలసి ఉంటుంది.

పై వాటిలో 65279 గురించి ఒక మాట. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా (గడులను కామాలతో వేరుచేసిన పాఠ్య ఫైలుగా) దాచిన ఫైలు మొదట్లో అది ఉంటుంది, అందువల్ల మొదటి గడి శీర్షిక మాత్రమే దొరకడం లేదని ప్రోగ్రాము మొరాయిస్తుంది. దానికి లూప్ కన్నా, ఫైలును యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో తెరవడమే సరైన మార్గం.

ఈ పనిని ఒక భాషలో చేసినట్టే మరొక భాషలోనూ జరుగుతుందని అనుకోవద్దు. జావాలో ఇదే పనికి ఉన్న పాత ట్రిమ్ 32 వరకు సంఖ్య గల అక్షరాలనే తీస్తుంది. 2018లో జావా 11తో వచ్చిన స్ట్రిప్ యూనికోడ్ ఖాళీలను ఎరుగును గానీ 160ని వదిలివేస్తుంది. జావాస్క్రిప్ట్ ట్రిమ్ 160నీ 65279నీ రెండింటినీ తీస్తుంది. ఎక్సెల్ ట్రిమ్ 160ని తీయదు, పైగా మాటల మధ్య వరుస ఖాళీలను ఒకటిగా కుదిస్తుంది.

కొసలు కత్తిరించకూడని చోట్లు కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్‌ను ఎవరు ఎలా ఇస్తే అలాగే ఉంచాలి. మా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా ప్రోగ్రాముకు పంపే వరుసలో బరువు ఎప్పుడూ ఒకే నిర్ణీత స్థానంలో ఉంటుంది; ఆ వరుస మొత్తాన్ని ముందే స్ట్రిప్ చేస్తే అంకెలు పక్క గడిలోకి జరుగుతాయి. ముందు స్థానాలను బట్టి ముక్కలు చేసి, ఆ తరువాత ఒక్కొక్క ముక్కను శుభ్రపరచాలి.

మీ రెండు పేర్ల మొదటి, చివరి అక్షరాలకు ఆర్డ్ ఇచ్చే సంఖ్యలను చూడండి. 8203, 8204, 8205, 65279లలో ఏది వచ్చినా ఈ లూప్ సరిపోతుంది. కొసలు రెండూ ఒకటే అయి, తేడా మాట మధ్యలో ఉంటే మాత్రం లూప్ పనికిరాదు. అప్పుడు పోలిక కోసం మాత్రమే 8204 తీసివేసిన ఒక ప్రతిని వేరే గడిలో దాచి, అచ్చుకు మాత్రం అసలు పేరునే వాడండి.