బర్గండీ వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

ఆశీస్సులు. ఫ్రాన్సులోని వైన్ సీమ బర్గండీ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ‘బర్గండీలో తప్పక చూడవలసిన పదిహేను వింతలు’ అన్న శీర్షిక దగ్గరే కాసేపు ఆగాను. పదిహేనింటిలో పదకొండు తీసెయ్యమంటే నీకు కోపం వస్తుందని తెలుసు. అయినా అదే అంటున్నాను. ఒక్కో చోటికి నాలుగేసి వాక్యాలు పంచిపెడితే అది పట్టిక అవుతుంది. ఆ పట్టికను అక్కడి పర్యాటక శాఖ వాళ్ళు మనకంటే బాగా వేస్తారు, పైగా రంగుల బొమ్మలతో. ‘అద్భుతం’, ‘మనోహరం’, ‘కనువిందు’ అన్న మాటల కింద ఎర్ర గీత గీశాను. అవి తీసేసి మళ్ళీ చదువుకో. బోన్ ఊళ్ళోని పాత ఆసుపత్రి దగ్గర ఒక రంగుల పైకప్పు మిగులుతుంది, క్లో ద వూజో ద్రాక్ష తోట దగ్గర ఒక కోట మిగులుతుంది, మిగతా చోట్ల ఏమీ మిగలదు.

చూడటం బాగానే చూశావు. చూసినవాటిని గుచ్చే దారం నీకు దొరకలేదు, అంతే. బర్గండీకి ఆ దారం ఉంది. మన పాఠకుడికి అది వైన్ కంటే చాలా బాగా తెలిసిన సంగతి: భూమి, దాని హద్దులు, వాటాలు. గట్టు తగాదాలు వింటూ పెరిగినవాళ్ళం మనం. అరసెంటు నేల కోసం మూడు తరాలు కోర్టు మెట్లెక్కిన కుటుంబాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఆ కంటితో చూపించావంటే, జన్మలో వైన్ ముట్టని వాడు కూడా నీ వ్యాసం చివరిదాకా చదువుతాడు.

ముందు పాఠకుణ్ణి ఎక్కడ నిలబెట్టాలో తేల్చుకో. డిజాన్ నగరం నుంచి దక్షిణంగా బోన్ మీదుగా సాంతనే దాకా సుమారు 60 కిలోమీటర్ల దారి ఉంది. దానికి గ్రాండ్ క్రూల, అంటే అత్యున్నత శ్రేణి తోటల, దారి అని 1937లోనే పేరు పెట్టారు. నువ్వు ఆ దారిన కారులో వెళ్ళి ‘ఇరువైపులా కనుచూపు మేర ద్రాక్ష తోటలు’ అని రాశావు. కథ అక్కడే చేజారింది. ఇరువైపులా ఉన్నవి ఒకటి కావు. వూజో, వోన్ రొమానే ఊళ్ళ దగ్గర 974 నంబరు రోడ్డు మీద నిలబడి పడమరకు చూడు. నేల మెల్లగా కొండ వైపు లేస్తుంది. పేరు మోసిన తోటలన్నీ ఆ వాలు మీదే, పొద్దుటి ఎండకు ముఖం పెట్టుకుని ఉంటాయి. వెనక్కి తిరిగి తూర్పు చూడు. చదును నేల, బరువైన మట్టి, అక్కడి ద్రాక్షతో తయారైన సీసాకు చాలావరకు మామూలు ధర. వాలు మీద కూడా మరీ పైకి వెళ్తే సున్నపురాయి మీద మట్టి పలచన, మరీ కిందికి వస్తే నీరు త్వరగా ఇంకదు. నడుమన నడికట్టులా సాగే సన్నని పట్టీలోనే గ్రాండ్ క్రూలు ఎక్కువగా ఉన్నాయి. రోడ్డుకు ఈ పక్క ఒక ధర, ఆ పక్క ఇంకో ధర అన్న మాటను మన రియల్ ఎస్టేటు కాలంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ వాలును చిన్నచిన్న మడులుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, ఆ పేరుతోనే వైన్ అమ్ముకుంటారు. వాటిని క్లిమా అంటారు. 1,247 క్లిమాలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ అంకె నీ వ్యాసంలో ఉంది కానీ ఒంటరిగా, ఏ పనీ లేకుండా కూర్చుంది. దాని పక్కన ఊవ్రే అనే కొలతను పెట్టు. అక్కడి ద్రాక్ష రైతులు ఇప్పటికీ దాన్ని వాడతారు. ఒక మనిషి ఒక రోజులో తవ్వగల నేల అది, సుమారు 428 చదరపు మీటర్లు, మన పది సెంట్లకు కాస్త ఎక్కువ. పది సెంట్లు అనగానే మన పాఠకుడు తన ఊళ్ళో ఏదో ఒక ఇంటి స్థలాన్ని తలచుకుంటాడు. అప్పుడు ఆ 1,247కి ప్రాణం వస్తుంది.

క్లో ద వూజోలో నువ్వు కోట గురించి రాసి గోడను వదిలేశావు. చూడవలసింది గోడే. సీతో మఠానికి చెందిన సన్యాసులు పన్నెండో శతాబ్దం నుంచి భూములు కూడబెట్టి ఆ తోటను పెంచారు, చుట్టూ రాతి గోడ కట్టారు. లోపల సుమారు 50 హెక్టార్లు, నూట ఇరవై ఎకరాల పైమాటే. ఫ్రెంచి విప్లవంలో మఠాల ఆస్తులు జప్తు అయి వేలానికి వచ్చాయి. ఆ తోట చేతులు మారినా 1889 దాకా ఒక్క ముక్కగానే ఉంది. ఆ తరవాత అమ్మకాలతో, పంపకాలతో ముక్కలవుతూ వచ్చి ఇప్పుడు ఎనభై మంది దాకా యజమానులున్నారు. తండ్రి ఆస్తి పిల్లలందరికీ సమంగా పంచాలన్న నెపోలియన్ నాటి చట్టం ఆ ప్రాంతమంతటా చేసిన పని ఇదే. ఒక్కొక్కరికి రెండు మూడు వరుసల తీగలు మిగిలిన చోట్లూ ఉన్నాయి. తమాషా ఏమిటంటే, పైన కోట దగ్గర నీరు చక్కగా ఇంకే నేలలో వాటా ఉన్నవాడూ, కింద రోడ్డు పక్కన బంకమట్టిలో వాటా ఉన్నవాడూ సీసా మీద ఒకే పేరు వేసుకోవచ్చు. ఇద్దరిదీ గ్రాండ్ క్రూయే. గోడ చెప్పినట్టు చట్టం వింటుంది, మట్టి వినదు. కోట లోపలి ద్రాక్ష పిండే పాతకాలపు భారీ చెక్క ప్రెస్సుల గురించి రెండు వాక్యాలు చాలు.

అక్కడి నుంచి వోన్ రొమానే నడిచే దూరమే. రొమానే కోంతీ తోట 1.8 హెక్టార్లు, నాలుగున్నర ఎకరాలు కూడా నిండదు. లోకంలో అత్యంత ఖరీదైన వైన్లలో ఒకటి అందులో పండుతుంది. అక్కడ చూడటానికి ఏముంది? ఒక పొట్టి గోడ, ఒక రాతి శిలువ, తోటలోకి అడుగు పెట్టవద్దని మర్యాదగా కోరే బోర్డు. పక్క తోటకూ దానికీ కంటికి తేడా కనబడదు. ‘పవిత్ర భూమి’ అని రాసి ఊరుకున్నావు. తేడా కనబడదన్న మాటే రాసి ఉంటే బాగుండేది. అంత దూరం ప్రయాణం చేసి వచ్చినవాళ్ళు గోడ ముందు ఫోటో దిగి, ఇప్పుడేం చేయాలో తోచక అటూ ఇటూ చూస్తుంటారు. ఆ ఇబ్బందిని రాయి. సీసా ధర మాత్రం రాయకు. వ్యాసం అచ్చయ్యేలోపు మారుతుంది, పైగా పాఠకుడికి ఆ ఒక్క అంకే గుర్తుండి మిగతాదంతా ఎగిరిపోతుంది.

బోన్ ఆసుపత్రికి నీ వ్యాసంలో సగం ఇచ్చినా తప్పులేదు. దాని పేరు ఒతెల్ ద్యూ. వీధి వైపు నుంచి చూస్తే బూడిద రంగు పలకరాయి కప్పు, పెద్ద గోడ. ఇదేనా అనిపిస్తుంది. లోపలి ముంగిట్లోకి అడుగుపెట్టాకే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు పెంకులు తళుక్కుమంటాయి. సరే, అందరూ అక్కడ ఆగి ఫోటో తీసుకుంటారు, నువ్వూ తీసుకున్నావు. దాన్ని కట్టించిన మనిషి గురించి ఒక్క ముక్క లేదేం? బర్గండీ డ్యూక్ దగ్గర ఛాన్సలర్‌గా పనిచేసిన నికొలా రోలాఁ, అతని భార్య గిగోన్ ద సాలాఁ కలిసి 1443లో దాన్ని స్థాపించారు. నూరేళ్ళ యుద్ధంలో చితికిపోయి, ఆకలితో అలమటిస్తున్న ఊరు అది. లోపల పేదల వార్డు ఒక పొడవైన హాలు, అటూ ఇటూ ఎర్ర తెరల మంచాల వరుసలు. హాలు చివర ప్రార్థనా మందిరం. మంచం దిగలేని రోగి పడుకున్నచోటి నుంచే పూజ చూడాలని అలా కట్టారు. పాఠకుణ్ణి ఆ మంచం పక్కన నిలబెట్టి ఆ వైపు చూడమను.

అదే మందిరం కోసం రోలాఁ ఒక చిత్రం గీయించాడు. రోజియర్ వాన్ డెర్ వైడెన్ గీసిన తుది తీర్పు చిత్రం అది, ఇప్పుడు వేరే గదిలో ఉంచారు. నరకంలోకి జారిపోతున్న మనుషుల్ని అక్కడ ఏ దయ్యమూ లాగదు, ఎవరూ తొయ్యరు. తమంతట తామే పోతుంటారు. చావుకు దగ్గరైన రోగుల కళ్ళ ముందు అలాంటి బొమ్మ పెట్టడం దయ అనాలా, బెదిరింపు అనాలా? నాకు ఇప్పటికీ తేలలేదు. రోలాఁ పన్నులతో జనాన్ని పేదల్ని చేశాడు కాబట్టి వాళ్ళకు ఆసుపత్రి కట్టించడం న్యాయమేనని ఫ్రాన్సు రాజు పదకొండో లూయీ ఎత్తిపొడిచాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, వాడుకుంటే ‘కథ’ అనే చెప్పి వాడుకో. నేల మీది పలకల్లో ఆ దంపతుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి వేశారు, పక్కన నక్షత్రం. నీవే నా ఏకైక తార అని భార్యకు చెప్పుకున్నట్టు. జనం పైకప్పు చూస్తూ కింద వీటిని తొక్కుకుంటూ పోతారు.

ఇక్కడ మళ్ళీ భూమి వస్తుంది, గమనించు. ఆ ఆసుపత్రికి శతాబ్దాలుగా దాతలు ద్రాక్ష తోటలు రాసిచ్చారు, మన గుళ్ళకు మాన్యాలు రాసిచ్చినట్టు. ఇప్పుడు సుమారు 60 హెక్టార్లున్నాయి. వాటిలో చేసిన వైన్‌ను పీపాల లెక్కన 1859 నుంచి వేలం వేస్తున్నారు, ఏటా నవంబరు మూడో ఆదివారం. ఆ డబ్బు ఆసుపత్రి ఖర్చులకు, ధర్మకార్యాలకు వెళుతుంది. పాత భవనంలో 1971 దాకా రోగులున్నారు. ఇప్పుడది మ్యూజియం, వైద్యం వేరే ఆధునిక భవనంలో జరుగుతోంది.

రుచి చూసే వ్యవహారం గురించి నువ్వు రాసిన పేరా చదివి నవ్వుకున్నాను. ‘చెర్రీ, తడి అడవి, తోలు వాసనలు’ అని సీసా వెనక చీటీ దించేశావు. నీకు నాలుక మీద తగిలింది రాయి. ఎరుపు వైన్ వగరు ఎక్కడ పట్టింది, తెలుపు వైన్ పులుపు ఎంతసేపు నిలిచింది, అది చాలు. మన పాఠకుల్లో తాగనివాళ్ళు ఎక్కువ, వాళ్ళకు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. రుచి చూసి ఉమ్మెయ్యడం అక్కడ మర్యాదే, అందుకు పాత్ర కూడా పెడతారు. కారు నడిపేవాడు ఉమ్మక తప్పదని చెప్పు. లీటరు రక్తానికి 0.5 గ్రాముల ఆల్కహాలు చేరితే అక్కడ నేరం. చిన్న కుటుంబాల సెల్లార్లకు, అంటే వైన్ దాచే నేలమాళిగలకు, ముందుగా అడిగి వెళ్ళాలనీ, మధ్యాహ్నం రెండు గంటలపాటు ఊళ్ళకు ఊళ్ళే తలుపులు మూసుకుంటాయనీ, ఆదివారం ఇంకా కష్టమనీ ఎక్కడో ఒకచోట వెయ్యి. చదివినవాళ్ళు నిన్ను తలచుకునేది ఆ వాక్యానికే.

నేనైతే సైకిలును సిఫారసు చేస్తాను. బోన్ నుంచి పొమ్మార్, వోల్నే, మ్యుర్సో, పులిన్యీ మోంరాషే మీదుగా సాంతనే దాకా తోటల మధ్యలోంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు సైకిలు బాట ఉంది. కారు అద్దంలోంచి కనబడనివి అక్కడ కనబడతాయి. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పటి అనాబెషాహి తోటలు చూసినవాళ్ళకు ద్రాక్ష అంటే తల మీద పందిరి. ఇక్కడ తీగ నడుము దాటదు. హెక్టారుకు పదివేల దాకా మొక్కలు, వరుసకూ వరుసకూ మధ్య ఒక మీటరు. అందుకే ట్రాక్టరు వరుసకు అటో కాలు ఇటో కాలు వేసుకుని నడుస్తుంది. దారి పక్కన సున్నం లేకుండా పేర్చిన రాతి గుడిసెలు కనబడతాయి. కూలీలు వానకు తలదాచుకునేవాళ్ళు. శీతాకాలంలో వెళితే కత్తిరించిన కొమ్మల్ని చక్రాల బండి మీది పీపాలో కాలుస్తూ కదిలే మనుషులు ఎదురవుతారు. ఏప్రిల్‌లో మంచు దెబ్బ తగులుతుందనుకున్న రాత్రుల్లో తోటల్లో వేల కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ ఫోటోలు చూసి పండుగ అనుకునేరు. పంట కాపాడుకునే పాట్లు అవి, 2021లో అవి కూడా చాలామందిని కాపాడలేకపోయాయి.

‘ద్రాక్ష కోత సెప్టెంబరు చివర’ అని రాశావు. దిద్దుకో. బోన్‌లో కోత మొదలైన తేదీలు 1354 నుంచి దొరుకుతున్నాయి. వాటిని వరుసగా పేర్చి చూసిన పరిశోధకులు 1988 తరవాత కోత సగటున 13 రోజులు ముందుకు జరిగిందని తేల్చారు. ఈ మధ్య కొన్నేళ్ళు ఆగస్టులోనే కత్తెరలు బయటికి వచ్చాయి. కోత చూద్దామని టికెట్టు కొనేవాడికి ఇది తెలియాలి.

డిజాన్‌కు ఒక పేరా చాలు. డ్యూకుల సమాధుల చుట్టూ ముసుగులు వేసుకుని ఏడుస్తున్న చిన్నచిన్న పాలరాతి మనుషుల్ని చూడమను. ఒక్కొక్కరి ఏడుపు ఒక్కో తీరు. నోత్ర్ దామ్ చర్చి గోడ మీది గుడ్లగూబను ఎడమ చేత్తో తాకి కోరిక కోరుకుంటారు, లక్షల చేతులకు దాని ముఖం అరిగిపోయింది. ఆవాల గురించి నువ్వు రాసినది మాత్రం పూర్తిగా తీసెయ్. డిజాన్ మస్టర్డ్‌కు వాడే ఆవాల్లో చాలా భాగం ఏళ్ళ తరబడి కెనడా నుంచే వచ్చాయి. అక్కడ కరువొచ్చి 2022లో ఫ్రాన్సు దుకాణాల్లో సీసాలు దొరకలేదు. ‘స్థానిక పొలాల పరిమళం’ ఎక్కడి నుంచి వచ్చింది నీకు?

షాబ్లీ అనే వైన్ ఊరి భాగం కూడా తీసెయ్. పేరుకు బర్గండీయే అయినా బోన్‌కు నూరు కిలోమీటర్లకు పైగా దూరం, దానికి వేరే వ్యాసం రాసుకోవచ్చు. ఫోంతెనే మఠం, వెజెలే, బెలూను ప్రయాణం, నత్తల విందు, అన్నీ అంతే. కిర్ అనే వైన్ పానీయం గురించి రాసిన రెండు వాక్యాలు బాగున్నాయి, డిజాన్ పేరాలో ఇమిడితే ఉంచు.

కొత్త ప్రతి 974 నంబరు రోడ్డు మీద మొదలవ్వాలి. చేత్తో గీసిన పటం ఒకటి జత చెయ్యి, తూర్పు పడమరలు సరిగ్గా గుర్తుపెట్టు. చివరి పేరా రాసే శ్రమ పెట్టుకోకు, ఎలాగూ కొట్టేస్తాను. ఇంట్లో పెద్దవాళ్ళకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి