ఆడించే బడిలో చదువు జరుగుతుందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ళు నిండాయి. దగ్గరలోని ఒక బడిలో ఎల్‌కేజీలో చేర్పించాము. అక్కడ ఇసుకలో ఆడించడం, చెక్కముక్కలతో ఇళ్ళు కట్టించడం, కథలు చెప్పడం, పాటలు పాడించడం తప్ప ఇంతవరకు పుస్తకంలో ఒక్క అక్షరం రాయించలేదు. మా తోడికోడలి పాప వేరే బడిలో అదే తరగతిలో ఉండి అఆఇఈలు, ఏబీసీడీలు, 50 వరకు అంకెలు రాస్తోంది. "ఇంత ఫీజు కట్టేది ఆడించడానికా?" అని మా అత్తగారు అడుగుతుంటే ఏం చెప్పాలో తోచడం లేదు. బడి మార్చమంటారా?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: మీరు రాసిన తీరులోనే ఆ బడి నడుస్తుంటే మార్చనక్కరలేదమ్మా. కాకపోతే ఒక పూట వెళ్ళి కూర్చుని, మీ కళ్ళతో చూసి నిర్ణయించుకోండి. ఏం చూడాలో చెబుతాను.

ముందు చేతి సంగతి. మణికట్టులో ఉండే 8 చిన్న ఎముకలు పుట్టినప్పుడు మృదులాస్థిగానే ఉండి, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ళ బిడ్డలో ఆ పని ఇంకా సగంలోనే ఉంటుంది. వేళ్ళలోని చిన్న కండరాలకు పట్టు కూడా అప్పుడప్పుడే వస్తుంటుంది. అలాంటి చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల పుస్తకం పేజీలకు పేజీలు నింపమంటే బిడ్డ నింపవచ్చు. కానీ పెన్సిలును పిడికిట పట్టి, కాగితం చిరిగేటంత ఒత్తి రాసి, కాసేపటికే చేయి నొప్పి అని ఏడ్చే పిల్లలను మనం చూస్తూనే ఉన్నాము. అదే చేయి మట్టి పిసికేటప్పుడు, పూసలు గుచ్చేటప్పుడు, బఠాణీలు ఒలిచేటప్పుడు రాతకు కావలసిన బలాన్ని, అదుపును తనంతట తానే సంపాదించుకుంటుంది. అక్షరాభ్యాసం నాడు మన ఇళ్ళలో పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దిస్తారని మీ అత్తగారికి తెలియనిది కాదు.

ఇక చెక్కముక్కల ఆట. ఇంట్లోనే ఒకసారి స్టీలు డబ్బాలు నాలుగైదు, వాటి మూతలు కలిపి బాబు ముందు పోసి చూడండి. చిన్న మూతను పెద్ద డబ్బా మీద పెడతాడు, అది లోపల పడుతుంది. తీసి మళ్ళీ పెడతాడు, మళ్ళీ పడుతుంది. అప్పుడు మూతను పక్కన పెట్టి డబ్బా నోటికేసి ఒక నిమిషం చూసి, ఇంకో మూత వెతుకుతాడు. పరిమాణాన్ని పోల్చడం, ఊహించడం, ఊహ తప్పితే దారి మార్చుకోవడం అనే మూడు పనులు ఆ ఒక్క నిమిషంలో జరిగాయి. రేపు లెక్కలు, సైన్సు నిలబడేది వీటి మీదే. ఈ పని నోట్‌బుక్కులో కనిపించదు కాబట్టి మనం దాన్ని చదువు కింద జమకట్టడం లేదు.

ఇది ఏదో విదేశీ మోజు అనుకునేవారున్నారు. కానీ గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా అనే విద్యావేత్త 1920లోనే బాలమందిరం పెట్టి కథలు, ఆటలు, స్వేచ్ఛ ఆధారంగానే బోధించారు. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా చూసి, ఆటపాటల ద్వారా నేర్పమన్నది. 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఆటనే బోధనకు కేంద్రంగా పెట్టింది. మరుసటి ఏడాది కేంద్ర విద్యాశాఖ 'జాదూయీ పిటారా' పేరుతో ఆటబొమ్మలు, పజిళ్ళు, తోలుబొమ్మలు, కథల పుస్తకాలున్న పెట్టెను విడుదల చేసింది.

అయితే పిల్లలను గదిలో వదిలి టీచరు రిజిస్టర్లు రాసుకుంటూ కూర్చుంటే దాన్ని నేను బడి అనను. మీరు వెళ్ళిన పూట, ఆటలో టీచరు ఎక్కడుందో చూడండి. పిల్లవాడి పక్కన నేల మీద కూర్చుని, "ఈ గోడ ఎందుకు పడిపోయింది?", "కింద ఏది పెడితే నిలుస్తుంది?" అని అడిగి, జవాబు కోసం ఆగుతోందా? ఈ వారం ఆటకు, పోయిన వారం ఆటకు తేడా ఉందా? మీ బాబు ఇప్పుడు ఏ పని చేయగలుగుతున్నాడు, దేని దగ్గర తడబడుతున్నాడు అని అడిగితే ఆమె వెంటనే చెప్పగలుగుతోందా? చెప్పగలిగితే నిశ్చింతగా ఉండండి. "బాగానే ఆడుకుంటున్నాడండీ" అన్న మాటకు మించి ఏమీ రాకపోతే అప్పుడు వేరే బడి చూడవచ్చు, కానీ రాయించే బడి కోసం మాత్రం వెతకకండి.

మీ అత్తగారి బెంగ మనవడి మీది ప్రేమే; వాదించి గెలవవలసిన పని లేదు. రాత్రిపూట ఒక కథ, రెండు పొడుపుకథలు చెప్పే బాధ్యత ఆవిడకు అప్పగించండి. వారం పోయాక అదే కథను వాడే ఆవిడకు తిరిగి చెప్పడం మొదలుపెడితే, మీరు ఏ సమాధానమూ చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మూడున్నరేళ్ళ మా మనవరాలు ఫోనులో వీడియోలు చూసి 1 నుంచి 100 వరకు ఆపకుండా చెబుతుంది. ఇది కూడా ఆటతో నేర్చుకోవడమే కదా?
— ఒక తాతగారు, వరంగల్లు

జవాబు: పాపకు ఒక గుప్పెడు చింతపిక్కలు ఇచ్చి, "నాకు ఐదు ఇవ్వు తల్లీ" అనండి. లెక్కపెట్టి ఐదే ఇస్తే సంఖ్య తెలిసినట్టు. దోసిలి మొత్తం మీ చేతిలో పోస్తే, ఆ వంద ఇప్పటికి పాటలాంటిదే. అందులో తప్పేమీ లేదు. కాకపోతే సంఖ్య వేలికొసల గుండా రావాలి. వామనగుంటల్లో ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వేస్తూ పోయే పిల్లలకు ఒక మాటకు ఒక వస్తువు అన్న సంగతి ఎవరూ చెప్పకుండానే పట్టుబడుతుంది. నిండు ఆట ఇప్పుడే రాదు, నాలుగు గుంటలతో మొదలుపెట్టండి.

ఫోను విషయానికి వస్తే, ఈ వయసు పిల్లలు కూర్చుని తెర చూసే సమయం రోజుకు ఒక గంట దాటకూడదని, తగ్గితే మరీ మంచిదని, మూడు గంటలైనా ఒళ్ళు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. చూపించే ఆ కాసేపూ పక్కన కూర్చుని మాట్లాడుతూ చూపించండి. చింతపిక్కలతో ఆడేటప్పుడు కూడా పక్కనే ఉండండి. ఈ వయసులో నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి, ఆట అయ్యాక లెక్క చూసి డబ్బాలో పోసి పైన పెట్టేయండి.