మోల్డ్ పనిలోకి దిగే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఉద్యోగం పోయిందని దిగులుపడుతూ కూర్చోకుండా, తడిసిన ఇళ్లలో పట్టే మోల్డ్‌ని, అంటే బూజుని, తీసేసే చేతిపని నేర్చుకుంటానన్నావు, సంతోషం. హ్యూస్టన్‌లో ఈ పనికి కొదవ లేదన్నదీ నిజమే. 2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు, 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టిన పైపులు పగిలినప్పుడు ఏ వీధిలో చూసినా కోసిన షీట్‌రాక్ (గోడలకి వేసే జిప్సం పలకలు) కుప్పలే. అలాంటప్పుడు పని రానివాళ్లు కూడా వ్యాన్ మీద పేరు రాసుకుని వచ్చేస్తారు. నువ్వు అలా దిగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు ఫోన్‌లో చూపించిన ఆ ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టకు. గోడకి తగిలించుకోవడానికి కాగితం వస్తుంది గానీ దాంతో టెక్సస్‌లో పని చెయ్యనివ్వరు. ఇక్కడ లైసెన్సు ఇచ్చేది టీడీఎల్‌ఆర్, అంటే రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ. 2017 నవంబరు దాకా ఆరోగ్య శాఖ చూసేది, ఆ తర్వాత వీళ్ల చేతికొచ్చింది. ఈపీఏ, అంటే కేంద్ర పర్యావరణ సంస్థ, అయితే ఈ పనికి ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఎవరైనా ‘ఈపీఏ సర్టిఫైడ్’ అని చెప్పుకుంటే వాళ్ల దగ్గర చేరకు.

నువ్వు మొదట తీసుకోవలసింది వర్కర్ రిజిస్ట్రేషన్. నాలుగు గంటల శిక్షణ చాలు, లైసెన్సున్న కాంట్రాక్టర్ కింద పని చెయ్యొచ్చు. కాంట్రాక్టర్ లైసెన్సుకి 40 గంటల కోర్సు, రాష్ట్రం పెట్టే పరీక్ష, దాంతోపాటు పని అనుభవం, పది లక్షల డాలర్ల ఇన్సూరెన్సు కావాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు అడిగే అనుభవం తక్కువ. నీకు డిగ్రీ ఉంది కదా అని దాన్ని అడ్డుపెట్టుకుని తొందరపడకు. మంచి కాంట్రాక్టర్ దగ్గర వర్కర్‌గా ఉండి నేర్చుకున్నదే తర్వాత నిన్ను నిలబెడుతుంది. వరసగా 25 చదరపు అడుగులకు లోపు మోల్డ్ ఉంటే లైసెన్సు అక్కర్లేదని చట్టంలో ఉంది. గోడ వెనక ఎంత ఉందో కోసి చూసేదాకా తెలియదు, అందుకని ఆ మినహాయింపు మీద వ్యాపారం కట్టుకోవద్దు.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. మోల్డ్ నేర్చుకునే ముందు నీళ్లు నేర్చుకో. తడిసిన గోడని 24 నుంచి 48 గంటల్లో ఆరబెడితే చాలావరకు మోల్డ్ పట్టదు. ఆరనివ్వకపోతే ఎంత తుడిచినా, ఏం చల్లినా మళ్లీ వస్తుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె పడ్డాక పైన బూజు తీసేస్తే ఏం లాభం, అమ్మమ్మ చెప్పేది కదా. బ్లీచ్ కొట్టి పైన పెయింటు వేసే పని మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకు. చచ్చిన మోల్డ్ కూడా మనిషికి అలర్జీ తెప్పిస్తుంది, దాన్ని అక్కణ్ణించి తీసెయ్యాల్సిందే. షీట్‌రాక్, ఇన్సులేషన్, కార్పెట్ ప్యాడ్ లాంటివి కోసి సంచుల్లో కట్టి బయటికి పంపాలి. గోడ లోపలి కర్ర స్టడ్లని బ్రష్‌తో గీకి, సన్నటి దుమ్మునీ పట్టే హెపా వాక్యూమ్ పెట్టి, తడిబట్టతో తుడవాలి.

అందుకే ఈ పనులకి ప్రమాణాలు రాసి సర్టిఫికెట్లిచ్చే ఐఐసీఆర్‌సీ వాళ్ల దగ్గర ముందు డబ్ల్యూఆర్‌టీ కోర్సు చెయ్యి. అది నీళ్లు పడ్డ ఇంటిని ఆరబెట్టడం నేర్పుతుంది. అది పాసైతేనే మోల్డ్ కోర్సు, ఏఎమ్‌ఆర్‌టీ, తీసుకోనిస్తారు. ఆ క్రమం నాకు చాలా నచ్చుతుంది. వాళ్ల ఎస్520 ప్రమాణం 2003లో మొదలై 2024లో నాలుగో కూర్పు వచ్చింది. అది చదువు. ఇంటిని మూడు స్థితులుగా చూడటం అందులోనే నేర్చుకుంటావు: మామూలుగా ఉన్నది, పక్కగది నుంచి బీజాలు వచ్చి పడ్డది, నిజంగా మోల్డ్ పెరిగింది. రెండో స్థితిని పట్టించుకోనివాళ్లే ఎక్కువ. వంటగదిలో గోడ కోస్తూ పడగ్గదిలోకి దుమ్ము పంపిస్తారు.

ఆ దుమ్ము ఆపడానికే పనిచేసే చోటు చుట్టూ ఆరు మిల్ మందం ప్లాస్టిక్ కట్టడం, లోపలి గాలిని వడగట్టి బయటికి లాగే నెగెటివ్ ఎయిర్ మెషీన్ పెట్టడం. ప్లాస్టిక్ లోపలికి కొద్దిగా ఉబ్బి ఉంటే గాలి బయటినుంచి లోపలికి పోతోందని అర్థం. బయటికి ఉబ్బితే పని ఆపెయ్. ఈ చూపు క్లాసులో కాదు, నలుగురితో కలిసి కట్టినప్పుడే వస్తుంది.

గడ్డం తీసెయ్యాలి, నాయనా. బాధగా ఉంటుంది, తెలుసు. ముక్కూ నోరూ కప్పే హాఫ్‌మాస్క్ ముఖానికి అతుక్కోకపోతే పెట్టుకున్నా పెట్టుకోనట్టే. కార్మికుల భద్రత చూసే ఓషా నిబంధన ప్రకారం యజమాని నీకు ముందు వైద్యపరీక్ష, ఆ తర్వాత ఏటా ఫిట్ టెస్ట్ (మాస్క్ సరిగ్గా అతుక్కుందో చూసే పరీక్ష) చేయించాలి. చేరే ముందే అడుగు. నసిగితే ఆ చోటు నీకొద్దు. పాత ఇళ్లలో కోసే ముందు ఆస్‌బెస్టాస్ సంగతీ, 1978కి ముందు కట్టినవైతే సీసం పెయింటు సంగతీ అడగడం మరిచిపోకు.

ఇంకోటి, ఒకే ఇంట్లో పరీక్ష చేసేదీ తీసేసేదీ ఒకరే కాకూడదు. టెక్సస్ చట్టం ఒప్పుకోదు. నీ పని అయ్యాక వేరే అసెసర్, అంటే మోల్డ్ పరీక్ష చేసే మనిషి, వచ్చి చూసి సరే అనాలి, అప్పటిదాకా ప్లాస్టిక్ విప్పొద్దు. ఆ తర్వాత పది రోజుల్లోపు కాంట్రాక్టర్ ఇంటివాళ్లకి మోల్డ్ డ్యామేజ్ రెమీడియేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇల్లు అమ్మేటప్పుడు గడిచిన అయిదేళ్ల కాగితాలు కొనేవాళ్లకి చూపించాలి గనక ఆ కాగితం విలువ వాళ్లకి ఎంతో ఉంటుంది. అది సరిగ్గా రాయడం కూడా నేర్చుకో.

నీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. నీతో వస్తానంటున్న స్నేహితుడు ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నాడన్నావు. చేతికి నగదిస్తామనేవాళ్లు దొరుకుతారు, అయినా ఈ పనిలోకి దించకు. స్టేటస్ పోతే అతని చదువు మొత్తం పోతుంది.

ఫ్లోరిడా, న్యూయార్క్, లూసియానాల్లో కూడా లైసెన్సులున్నాయి గానీ ఎవరి రూల్స్ వాళ్లవి. ఇక్కడి లైసెన్సు పట్టుకుని అక్కడ పని మొదలెట్టకు.

వర్కర్ శిక్షణ ఎక్కడ తీసుకోవాలనుకుంటున్నావో ఆ పేరు డబ్బు కట్టే ముందు నాకు పంపు. టీడీఎల్‌ఆర్ జాబితాలో ఉందో లేదో చూసి చెప్తాను.

మీ మామయ్య